జీఐ పైపు వెల్డింగ్ చేసిన రాత్రే చలిజ్వరం వస్తోంది, ఇది మామూలేనా?

లెక్కలపుస్తకం (హన్మకొండ):

అందరికీ నమస్తే. మా ఆయనకు చిన్న వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, రేకుల షెడ్లు చేస్తారు, ఇద్దరు హెల్పర్లు ఉన్నారు, లెక్కలు నేను చూస్తాను. మన దగ్గర కోతుల సంగతి తెలిసిందే కదా, ఈ ఏడాది వాకిలికీ మేడకూ మొత్తం జాలి బిగించమని వచ్చేవాళ్ళే ఎక్కువ, వాళ్ళలో సగం మంది తుప్పు పట్టకూడదని జింకు పూత ఉన్న జీఐ పైపే కావాలంటున్నారు. ఈ గోల అప్పటినుంచే మొదలైంది.

పొద్దంతా బాగానే పని చేస్తారు. ఇంటికొచ్చి స్నానం చేసి తింటారు. ఎనిమిదో తొమ్మిదో అయ్యేసరికి వణుకు. రెండు దుప్పట్లు కప్పి పైన నేను చేతులు వేసి పట్టుకున్నా మంచం కదులుతుంది. నోట్లో పాత పైసా బిళ్ళ పెట్టుకున్నట్టుందంటారు, మంచినీళ్ళు కూడా తియ్యగా ఉన్నాయంటారు. ఒళ్ళు నొప్పులు, పొడి దగ్గు, అర్ధరాత్రి దాటాక బనీను పిండితే కారేంత చెమట. తెల్లారేసరికి నీరసం తప్ప ఏమీ ఉండదు, మళ్ళీ షాపుకు పోతారు.

మొదటిసారి డెంగీ అనుకుని టెన్షన్ పడి దగ్గర్లో ఒక క్లినిక్‌కు పోయాం. మలేరియా లేదు, డెంగీ లేదు, తెల్ల రక్తకణాలు మాత్రం ఎక్కువున్నాయి, ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుందని ఐదు రోజుల యాంటీబయాటిక్ రాశారు. మర్నాటికే తగ్గింది కాబట్టి గోలీలు బాగా పని చేశాయనుకున్నాం. రెండోసారీ అంతే. మూడోసారి అనుమానం వచ్చి పని పుస్తకం తీశాను. మూడు తేదీలకూ ఎదురుగా నా చేతిరాతలోనే ఉంది, "జీఐ పైపు" అని.

చూపిస్తే ఆయన నవ్వారు. "పోయిన నెల నాలుగు రోజులు వరసగా జీఐ పనే చేసిన, మొదటి రోజే కదా జ్వరం వచ్చింది, పొగ వల్లనైతే నాలుగు రోజులూ రావాలె కదా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. పని నేర్పిన పెద్దమనిషి చెప్పాడని పొద్దున అర లీటరు పాలు, బెల్లం ముక్క మాత్రం ఎన్నడూ తప్పరు.

ఇది పొగ వల్లేనా? ఏళ్ళ తరబడి ఇట్లాగే అయితే ఏమవుతుంది? ఆయన సంగతి పక్కన పెట్టినా, హెల్పర్లలో ఒకడికి పందొమ్మిదేళ్ళు, వాళ్ళమ్మకు నేను జవాబు చెప్పాలి.

పాత ఫిట్టర్ (గోదావరిఖని):

చెల్లే, నీ పుస్తకం చెప్పిందే నిజం. మీ ఆయన అడిగిన ప్రశ్న కూడా మంచిదే, దానికే ముందు జవాబు చెప్తా.

ఈ జ్వరం గుణమే అది. వరసగా పీలుస్తుంటే రెండో రోజుకల్లా ఒళ్ళు అలవాటు పడుతుంది, జ్వరం రాదు లేదా కొంచెమే వస్తుంది. ఒకట్రెండు రోజులు సెలవు దొరికిందంటే ఆ అలవాటు పోతుంది, మళ్ళీ పనిలో దిగిన మొదటి రోజే పట్టి వణికిస్తుంది. ఆదివారం సెలవు తర్వాత వస్తుంది కాబట్టి బయటి దేశాల్లో మండే ఫీవర్ అన్నారు, మీ షాపు అమావాస్యకు బందైతే అమావాస్య జ్వరం అనుకోండి. నీ పుస్తకంలో ఆ మూడు తేదీలకు ముందు సెలవు ఉందో లేదో చూడు. జ్వరం రాని రోజు పొగ ఏం చేయలేదనుకోవద్దు, కుక్క అరవడం మానేస్తే దొంగ పోయినట్టు కాదు కదా.

జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరుగుతుంది, ఇనుము కరగాలంటే 1500 దాకా పోవాలి. అంటే రాడ్డు అంటించగానే, ఇనుము ఇంకా ఎర్రబడుతుండగానే జింకు ఆవిరై లేస్తుంది, గాలి తగిలిన క్షణంలో తెల్లటి పొగ అవుతుంది. మంట అంచు ఆకుపచ్చగా కనిపిస్తుంది చూడండి, అదే. అతుకు పక్కన వేడి మీద పసుపు పచ్చగా ఉన్న బూడిద చల్లారాక తెల్లగా మారుతుంది. సాయంత్రం షాపులో చూస్తే ఎనుమాముల యార్డులో దూది ఎగిరినట్టు సన్న సన్న పోగులు తేలుతుంటాయి, హెల్మెట్ మీద, ఫ్యాను రెక్కల మీద పేరుకుంటాయి. అది జింక్ ఆక్సైడ్. పీల్చిన నాలుగు నుంచి పది గంటల్లో జ్వరం, ఒకటి రెండు రోజుల్లో అదే దిగిపోవడం. మీ ఆయనది అచ్చం అదే లెక్క.

నాది చెప్తా. పెళ్ళైన కొత్తలో కాంట్రాక్టు పని, నీళ్ళ ట్యాంకులో దిగి జీఐ బ్రాకెట్లు అంటించాలి. మనిషి దూరే మూత తప్ప ఇంకో గాలి దారి లేదు. ఫ్యాను అడిగితే దానికి వైరు లాగేలోపు పని అయిపోతుంది కదా అన్నాడు సూపర్‌వైజర్. నాలుగు బ్రాకెట్లు అయ్యేసరికి నా రాడ్డు నాకు కనబడలేదు, అంత తెలుపు. ఆ రాత్రి మా అవ్వ దిష్టి తీసి, ఎర్రనీళ్ళు మూడు బాటల కూడలిలో పోసి వచ్చింది, పాపం ఆమెకేం తెలుసు, నాకే తెల్వదు. అప్పటినుంచి ట్యాంకులో, బేస్‌మెంటులో, మూసిన గదిలో జీఐకి రాడ్డు అంటించలేదు. ఎంత ఇచ్చినా అంటించను.

ఇప్పుడు పని సంగతి. కోతుల జాలికి ప్రతి జాయింటూ వెల్డింగే కావాలని ఎవరన్నారు? సగం చోట్ల క్లాంపు, నట్టు బోల్టు సరిపోతాయి. లేదంటే పూత లేని మామూలు ఇనుప పైపుతో (ఎంఎస్) చేసి తుప్పు ఆపే రెడాక్సైడ్ రెండు కోట్లు కొట్టి పైన పెయింట్ వేయండి, గిరాకీకి విషయం చెబితే ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. జీఐకే అంటించాల్సి వస్తే అతుకుకు అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ పెట్టి ఆ తెల్ల మెరుపు పోయి నల్ల ఇనుము కనబడేదాకా తీయాలి. ఆ దుమ్ము కూడా పీల్చేది కాదు, మాస్కు అప్పుడే పెట్టుకోవాలి. ఇక్కడ అందరూ మరిచేది ఒకటుంది, కరిగిన జింకులో ముంచి తీసిన హాట్ డిప్ పైపుకు లోపల కూడా పూత ఉంటుంది. బయట ఎంత గీకినా లోపలిది కాలి పైపు రెండో కొస నుంచి పొగ గొట్టంలా వస్తుంది, ఆ కొస దగ్గర హెల్పర్ పట్టుకుని నిలబడి ఉంటాడు. మీ పందొమ్మిదేళ్ళ పిల్లగాడు నిలబడేది అక్కడేనా అడుగు. అట్లాగని రెండు కొసలూ మూసేసి అంటించొద్దు, లోపలి గాలి వేడెక్కి పేలుతుంది, చిన్న బొక్క అయినా ఉండాలి.

హోల్డర్ పట్టినోడు (జమ్మికుంట):

ఇదంతా పెద్ద కంపెనీల ముచ్చట అన్నా. నేను 25 ఏండ్ల నుంచి చేస్తున్న, పాలు తాగుడు, బెల్లం తినుడు, ఒక్క రోజు దవాఖాన ముఖం చూడలే. అడుగుకు ఇంత అని రేటు మాట్లాడుకున్నంక ఒక్కో జాయింటుకు పావుగంట గ్రైండింగ్ అంటే డిస్కుల పైసలు ఎవరిస్తరు, కరెంటు బిల్లు ఎవరు కడతరు? పక్క షాపోడు గీకకుండ చేసి నాకంటే తక్కువకు ఇస్తడు. పని పోతే జ్వరం రాదు నిజమే, బువ్వ కూడా రాదు.

పాత ఫిట్టర్ (గోదావరిఖని):

తమ్మీ, రేటు మాట నువ్వు చెప్పింది నిజం, దానికి నా దగ్గర మంత్రం లేదు. నేనైతే గిరాకీతో మాట్లాడేటప్పుడే జీఐకి ఒక రేటు, ఎంఎస్‌కు ఒక రేటు చెప్పేవాణ్ణి, గ్రైండింగ్ అందులోనే. పాల సంగతి మాత్రం వదిలెయ్. పాలు పోయేది కడుపులోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, అవి రెండూ ఎక్కడా కలవవు. తాగు, మంచిదే, బలానికి తాగు.

నైట్‌డ్యూటీ (వరంగల్):

అక్కా, నేను స్టాఫ్ నర్సును. మీ ఆయన రిపోర్టులో తెల్ల కణాలు ఎక్కువుండటం ఈ పొగ జ్వరంలో మామూలుగా కనిపించేదే, అందుకే ఇన్‌ఫెక్షన్ అనుకుంటారు. దానంతటదే తగ్గేది తగ్గింది, పేరు యాంటీబయాటిక్‌కు వచ్చింది. క్లినిక్‌లో ఆ రోజు ఏం పని చేశారని వాళ్ళు అడిగి ఉండరు, మీరూ చెప్పి ఉండరు. ఇక మీదట ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదటి మాట "పొద్దున జీఐ వెల్డింగ్ చేశారు" అని ఉండాలి.

జ్వరానికి పారాసిటమాల్, నీళ్ళు, పడుకోవడం, సాధారణంగా అంతకుమించి అక్కర్లేదు. కానీ ప్రతి జ్వరాన్నీ దీని ఖాతాలో వేయొద్దు, మనది డెంగీ ఊరు, వానాకాలం ఉంది. రెండు రోజులు దాటినా జ్వరం దిగకపోతే రక్తపరీక్ష చేయించాల్సిందే. ఊపిరి ఆడకపోవడం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, పెదవులు నీలిరంగుకు తిరగడం, నురగలాగా గులాబీ రంగు కళ్ళె పడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి ఆ రాత్రే పోవాలి.

ఎందుకు భయపెడుతున్నానంటే, జింకు పొగ అనుకున్నది ఒక్కోసారి క్యాడ్మియం పొగ అయి ఉంటుంది. పాత మిషన్ల నుంచి విప్పిన బోల్టుల మీద, కొన్ని సిల్వర్ బ్రేజింగ్ రాడ్లలో క్యాడ్మియం ఉంటుంది. మొదటి కొన్ని గంటలు రెండూ ఒకే రకంగా ఉంటాయి, అదే వణుకు, అదే దగ్గు. జింకుదైతే మర్నాటికి తేలిక పడుతుంది. క్యాడ్మియందైతే మర్నాటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మనిషి పోవచ్చు. కాబట్టి పాత సామాన్ల షాపు నుంచి తెచ్చిన, పచ్చగా మెరిసే బోల్టును కాల్చి విప్పడం, వేడి చేసి వంచడం వద్దు. అది క్యాడ్మియమో, జింకు మీద వేసిన క్రోమేటు పూతో కంటితో చూసి చెప్పలేం, రెండోది అయినా మంచిది కాదు.

ఏళ్ళ తరబడి అన్నారు కదా. జింకు జ్వరం ఒక్కటే అయితే మిగిల్చి పోయేది తక్కువ. కానీ షాపులో పొగ జింకు ఒక్కటే కాదు. వెల్డింగ్ పొగ మొత్తాన్నీ మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. ఇది వినగానే షాపు మూసేయమని కాదు. ఆ పిల్లవాడికి ఇంకా నలభై ఏళ్ళ పని ఉంది, మాస్కు ఇప్పుడే అలవాటు చేయండి. ఎన్95 గానీ ఎఫ్ఎఫ్‌పీ2 గానీ, వాల్వ్ ఉన్నదైతే హెల్మెట్ కింద ఉక్కపోయదు. ముఖానికి తడి దస్తీ కట్టుకుంటే దుమ్ము ఆగుతుంది, ఈ పొగ ఆగదు, అంత సన్నది. గడ్డం పెంచితే పక్కల నుంచి గాలి దూరుతుంది, మాస్కు పెట్టుకున్నా లాభం లేదు.

లెక్కలపుస్తకం (హన్మకొండ):

నమస్తే, నేను ఆమె భర్తను, ఫోను తీసుకుని నేనే రాస్తున్న. ముందు అమావాస్యల లెక్క చూసినం. మూడిట్లో రెండు అమావాస్య తెల్లారి, మూడోది బావమరిది పెళ్ళికి పోయి నాలుగు రోజుల తర్వాత షాపు తెరిచిన రోజు. ఒప్పుకుంటున్న.

గ్రైండింగ్ మాత్రం నిజంగా టైము తింటది. పైపు కొసలను బాత్రూం కడిగే యాసిడ్‌లో ముంచితే పది నిమిషాల్లో పూత పోతదని ఒక దోస్తు చెప్పిండు. లోపలిది కూడా పోతదట. ఒక డబ్బాలో పోసి షాపు వెనక పెట్టుకుందామని చూస్తున్న. ఏమన్న ఇబ్బందా?

పాత ఆర్ఈసీ (కాజీపేట):

పూత పోతుంది, మీ దోస్తు అబద్ధం చెప్పలేదు. అయినా ఆ పని పెట్టుకోకండి.

ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ యాసిడ్. జింకు మీద పడగానే బుస్సుమని నురగ వస్తుంది కదా, ఆ బుడగలు హైడ్రోజన్. నిప్పురవ్వ తగిలితే అంటుకునే గ్యాసు, మీరు పది అడుగుల దూరంలో గ్రైండర్ నడుపుతుంటారు. ఇక యాసిడ్ ఆవిరి కళ్ళనూ గొంతునూ మండిస్తుంది, దానికి ఎన్95 పనికిరాదు, అది పొగకే గానీ గ్యాసుకు కాదు. ఇంకో నెల గడిచేసరికి షాపులో ఉన్న డ్రిల్లు బిట్ల నుంచి కొత్తగా తెచ్చిన యాంగిళ్ళ దాకా అన్నిటికీ ఎర్రగా తుప్పు మొదలవుతుంది, ఆ ఆవిరి వల్లే. మూత పెట్టినా ఆగదు. పొరపాటున అదే డబ్బాలోనో, కడిగిన చోటనో బ్లీచింగ్ పౌడర్ పడిందా, క్లోరిన్ వస్తుంది, అది మనుషులను చంపిన గ్యాసు.

అన్నిటికంటే నాకు మింగుడు పడనిది వాడేసిన యాసిడ్ సంగతి. దాన్ని ఏం చేస్తారు? వెనక మోరీలో పోస్తారు, ఇంకేం చేస్తారు. మన మోరీలు నాలాల్లో కలుస్తాయి, నాలాలు చెరువుల్లోకి పోతాయి. జింకు మనిషికి కొంచెం కావాల్సిన లోహమే, చేపకు మాత్రం నీళ్ళలో చాలా కొద్దిగా కరిగి ఉన్నా మొప్పలు దెబ్బతింటాయి. వెనక ఖాళీ జాగాలో పోసినా అంతే, అక్కడ గడ్డి మొలవదు, పక్కింటి బోరు మీదికి వస్తుంది గొడవ. ఇప్పటికే ఒక డబ్బా కలిపి పెట్టి ఉంటే పారబోయకండి. ఆరుబయట, చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ప్లాస్టిక్ బకెట్లో తడి సున్నం కొంచెం కొంచెంగా వేస్తూ యాసిడ్ ఘాటును చంపాలి, అడుగున తెల్లటి బురద పేరుకుంటుంది. నీళ్ళతో సహా మూత బిగించి పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే లైసెన్సు ఉన్నవాళ్ళకు ఇవ్వాలి. ఇంత తతంగం కంటే ఫ్లాప్ డిస్క్ చవక.

గ్రైండింగ్ దుమ్మును కూడా చీపురుతో ఊడ్చి లేపొద్దు, ముందు నీళ్ళు చల్లండి. షాపు బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. ఫ్యాను ఎదురుగా పెడితే పొగ మీ ముఖానికే వస్తుంది, వెనక నుంచి పెడితే మీ ఒళ్ళు చుట్టూ తిరిగి మళ్ళీ ముక్కు దగ్గరికే చేరుతుంది. పక్క నుంచి పెట్టండి, పొగ అటు నుంచి ఇటు దాటిపోవాలి. తల మాత్రం అతుకు మీదికి వంచొద్దు, మీకు సగం జ్వరం ఆ వంగడం వల్లే వచ్చి ఉంటుంది.

ఇంకొకటి, దీనికి ఆరోగ్యంతో సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. పూత గీకేసిన చోట అందరూ సిల్వర్ పెయింట్ కొట్టి వదిలేస్తారు. అది అల్యూమినియం పొడి, రంగు కలుస్తుంది తప్ప జింకు చేసే పని చేయదు. జింకు తాను తుప్పు పట్టి ఇనుమును కాపాడుతుంది. జింక్ రిచ్ పెయింట్ అనో కోల్డ్ గాల్వనైజింగ్ స్ప్రే అనో అడిగి తీసుకోండి, అతుకు మీద పేరుకున్న వెల్డింగ్ మడ్డి మొత్తం రాలగొట్టి, వైరు బ్రష్ వేసి, ఆ తర్వాత కొట్టండి. లేకపోతే రెండు వానాకాలాలకు గిరాకీ ఫోన్ చేస్తాడు.

హోల్డర్ పట్టినోడు (జమ్మికుంట):

సిల్వర్ పెయింట్ మాట నిజమే, నాకు అట్ల రెండు ఫోన్లు వచ్చినయి.

లెక్కలపుస్తకం (హన్మకొండ):

మళ్ళీ నేనే, లెక్కల మనిషిని. అందరికీ చాలా థాంక్స్. యాసిడ్ డబ్బా అయితే సీలు తీయకుండానే కొన్న దుకాణంలో వాపస్ ఇచ్చేశాం. మొన్న అమావాస్య మర్నాడు పెద్ద జీఐ పని ఉంది, కావాలనే ఆ రోజు పెట్టుకోమన్నాను. గీకి, మాస్కు పెట్టుకుని, ఫ్యాను పక్కకు తిప్పి, చాలా జాయింట్లకు క్లాంపులే వాడి చేశారు. రాత్రి పదింటి దాకా ఎదురుగా కూర్చుని చూశాను. గొంతు కొంచెం గరగర అన్నారు, వణుకు మాత్రం రాలేదు. ఒక్కసారికే గెలిచానని అనడం లేదు, పుస్తకంలో కొత్తగా ఒక గడి గీశాను, జీఐ పని జరిగిన ప్రతి తేదీకి పక్కన జ్వరం ఉందా లేదా రాస్తాను. పిల్లగాడు పైపు కొస దగ్గరే నిలబడేవాడు, అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఇప్పుడు కొసను స్టాండు మీద పెట్టి వాణ్ణి అవతలికి పంపుతున్నారు. పాలు మానలేదు, మానమని నేనూ అనలేదు.

గ్రైండింగ్‌కు జీఐ రేటులో విడిగా కలిపి చెప్పడం మొదలుపెట్టాం. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన వెళ్ళిపోయాడు.

చివరగా ఒక చిన్న ప్రశ్న. షాపులో మిగిలిన జీఐ జాలి ముక్కను ఇంట్లో బొగ్గుల పొయ్యి మీద పెట్టి పిల్లలు మక్క కంకులు కాలుస్తున్నారు, నిన్న వాన పడుతుంటే అందరం అదే తిన్నాం. అది కూడా తప్పేనా?

పాత ఫిట్టర్ (గోదావరిఖని):

తప్పే చెల్లే. బొగ్గుల వేడికి జింకు కరుగుతుంది, కాలుతుంది, కంకికీ అంటుతుంది. ఆ జాలి ముక్కను కోడి గంపకు వాడుకోండి. పిల్లలకు పూత లేని నల్ల ఇనుప చువ్వలు నాలుగు తెచ్చి, వరసగా అంటించి ఇమ్మను మీ ఆయనను, పది నిమిషాల పని, దానికి గ్రైండింగ్ కూడా అక్కర్లేదు. లేదంటే కంకి మొదట్లో పుల్ల గుచ్చి నిప్పుల మీద తిప్పితే సరి, మేం చిన్నప్పుడు అట్లాగే కాల్చుకుని తిన్నాం.